రష్యన్ పింగాణీ టీపాట్: పువ్వు గ్లేజ్ కింద ఉందా, పైన ఉందా?

క్లుప్తంగా

‘చేతితో చిత్రించిన పూల రష్యన్ టీపాట్’ అనే ఒకే పేరుతో కనీసం మూడు రకాల వస్తువులు అమ్ముడవుతున్నాయి. గ్లేజ్ అంటే పింగాణీ మీద గాజులా మెరిసే పైపూత. దాని కింద నీలాన్నిచ్చే కోబాల్ట్‌తో గీసి 1350 డిగ్రీల పైన కాల్చే, మాస్కో దగ్గరి గ్జెల్ ఊళ్ల నీలి టీపాట్ ఒకటి. గ్లేజ్ పైన రంగులు, బంగారం వేసి 800 డిగ్రీల దగ్గర మళ్లీ కాల్చేది రెండోది. అచ్చయిన బొమ్మను అతికించి కాల్చేది మూడోది. రంగు ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎన్ని రంగులు వస్తాయి, ధర ఎందుకంత, వాడకంలో ఏం జాగ్రత్త కావాలి అనే ప్రశ్నలన్నీ చివరికి ఒక్కచోటికే చేరతాయి: రంగు గ్లేజ్‌కు ఏ వైపున ఉంది?

గందరగోళం ఎక్కడుంది

మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరాల్లో కానుకల దుకాణాలకు వెళితే తెల్లటి ఒంటి మీద నీలి గులాబీ ఉన్న టీపాట్ తప్పక కనిపిస్తుంది. రష్యాలో వైద్యవిద్య చదివి వచ్చే తెలుగు విద్యార్థులు ఇంటికి తెచ్చే వస్తువుల్లో అదీ ఒకటి. ఇప్పుడు ఆన్‌లైన్ అంగళ్లలోనూ దొరుకుతోంది. అదే పరిమాణం, అదే పువ్వు, కానీ రెండు ధరలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని కన్నా రెండోది ఎన్నో రెట్లు ఎక్కువ. రెండింటి మీదా ‘చేతితో చిత్రించినది’ అనే రాసి ఉంటుంది.

ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాకపోవచ్చు. మొత్తం పువ్వును కుంచెతో గీసినా అలాగే రాస్తారు, అచ్చు గీతల మధ్య రంగు నింపినా అలాగే రాస్తారు. బొమ్మంతా అతికించి, అంచుకు బంగారు గీత మాత్రం చేత్తో తిప్పినా అదే మాట వాడేవారున్నారు. శ్రీకాళహస్తిలో కలంతో గీసిన బట్టకూ, పెడనలో చెక్క అచ్చులతో అద్దిన బట్టకూ కలంకారీ అన్న పేరు ఒక్కటే అయినా పని వేరని తెలుగువారు చూడగానే పోల్చుకుంటారు. పింగాణీ విషయంలో దీనికి తోడు మరో చిక్కు ఉంది. పువ్వు ఎలా వేశారన్నది ఒక ప్రశ్న, ఏ పొరలో వేశారన్నది రెండో ప్రశ్న. కొనేవారు మొదటిదే అడుగుతారు. రెండోదే ఎక్కువ సంగతులు చెబుతుంది.

ముద్ద, అచ్చు, మొదటి బట్టీ

గట్టి పింగాణీ ముద్దలో సుమారు సగం కయోలిన్ అనే తెల్లమట్టి. మిగతా సగంలో ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ రాతిపొడులు దాదాపు సమపాళ్లలో ఉంటాయి. కయోలిన్ ఆకారాన్నిస్తుంది. ఫెల్డ్‌స్పార్ వేడికి కరిగి గాజులా మారి, రేణువుల మధ్య ఖాళీలను పూడుస్తుంది. బట్టీలో ఒళ్లంతా మెత్తబడి కుంగిపోకుండా నిలబెట్టేది క్వార్ట్జ్.

టీపాట్‌ను కుమ్మరి సారె మీద తీయరు, అచ్చులో పోస్తారు. ముద్దను నీటితో, కొద్దిపాటి సోడియం సిలికేట్‌తో చిక్కటి మజ్జిగలా జారుగా చేసి జిప్సం అచ్చులో నింపుతారు. సోడియం సిలికేట్ వేయకపోతే అంత జారు రావడానికి నీళ్లు చాలా ఎక్కువ పోయాలి. అప్పుడు అచ్చు త్వరగా తడిసిపోతుంది, గోడ పలచబడుతుంది, ఆరేటప్పుడు పగుళ్లు వస్తాయి. జిప్సం నీటిని పీల్చుకుంటున్న కొద్దీ అచ్చు లోపలి గోడకు ముద్ద పేరుకుంటుంది. అది మూడు నాలుగు మిల్లీమీటర్ల మందానికి రాగానే మిగతా ద్రవాన్ని వంచేస్తారు.

ఒళ్లు, కొమ్ము, పిడి, మూత వేర్వేరు అచ్చుల నుంచి వస్తాయి. కొమ్మును అతికించే ముందు ఆ చోట ఒంటికి టీ ఆకు ఆగేలా చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తారు. మూతకు కూడా ఒక రంధ్రం ఉండాలి. అది లేకపోతే లోపలికి గాలి ఆడక టీ ధారగా రాదు, గుటక గుటకగా పడుతుంది. కొమ్ము కొన మూతి అంచు కన్నా కిందికి ఉంటే టీపాట్ నిండకముందే కొమ్ములోంచి పొర్లిపోతుంది. పువ్వు ఎంత బాగున్నా ఈ రెండూ సరిగా లేని టీపాట్ అలంకారానికే పనికొస్తుంది.

ఎక్కువగా చెడేది అతుకుల దగ్గరే. ఒంటిలో, పిడిలో తేమ సమానంగా ఉన్నప్పుడే, అదే ముద్దను జారుగా చేసి అంటించాలి. ఒకటి ఆరి మరొకటి తడిగా ఉంటే ఆరేటప్పుడు రెండూ వేర్వేరుగా కుంచించుకుపోతాయి. వెంట్రుకవాసి చీలిక అప్పుడే పడుతుంది, కంటికి ఆనదు.

మొదటి బట్టీ 900 డిగ్రీల అటూఇటూ. ఇందులోంచి వచ్చిన వస్తువు సుద్దలా తెల్లగా, గరుకుగా, నీళ్లు పీల్చేలా ఉంటుంది. గ్జెల్‌లో ఈ దశలో ఒక చక్కని పరీక్ష చేస్తారు. వస్తువును ఫుక్సిన్ అనే గులాబీరంగు ద్రవంలో ముంచి తీస్తారు. ఒళ్లంతా లేత గులాబీ అవుతుంది. చీలిక ఉన్నచోట ద్రవం ఎక్కువ ఇంకి ముదురు గీత తేలుతుంది. అలాంటివి అక్కడే పక్కన పెట్టేస్తారు. బాగున్నవి చిత్రకారుల బల్ల మీదికి ఆ గులాబీ రంగుతోనే వెళతాయి. తర్వాతి బట్టీలో ఫుక్సిన్ జాడ లేకుండా కాలిపోతుంది.

కోబాల్టే ఎందుకు

గ్లేజ్ కింద వేసే రంగుకు కఠినమైన షరతు ఒకటుంది. పింగాణీ పూర్తిగా కాలడానికి కావలసిన 1350 నుంచి 1400 డిగ్రీల వేడిని ఆ రంగు తట్టుకోవాలి. ప్రకాశవంతమైన ఎరుపునిచ్చే కాడ్మియం, సెలీనియం రంగులు అంత వేడిలో నాశనమవుతాయి. బంగారంతో చేసే గులాబీ, ఊదా ఛాయలు కూడా నిలవవు. క్రోమియం ఆకుపచ్చ, కొన్ని గోధుమ రంగులు బతికినా మందంగా కనిపిస్తాయి. కోబాల్ట్ ఆక్సైడ్ మాత్రం ఆ వేడిలో కరిగిన గ్లేజ్‌లోనే కలిసిపోయి, గాజుకు నీలాన్ని ఇస్తుంది. అది చాలా బలమైన రంగు. గాజులో అర శాతం కలిసినా ముదురు నీలం వస్తుంది.

గ్జెల్ చిత్రణకు ఆధారం ఈ బలమే. కోబాల్ట్ పొర పలచగా ఉన్నచోట ఆకాశనీలం, చిక్కగా ఉన్నచోట సిరానీలం వస్తాయి. ఒకే రంగుతో ఇన్ని ఛాయలు రావాలంటే చిక్కదనాన్ని అదుపులో పెట్టడమే మార్గం. హద్దు దాటితే ఫలితం వెంటనే తెలుస్తుంది. మరీ మందంగా పడినచోట నీలం నల్లబడి లోహపు మచ్చలా తేలుతుంది, లేదా గ్లేజ్ అక్కడి నుంచి తప్పుకొని బొబ్బలా మిగులుతుంది. మరీ పలచనైతే గ్లేజ్‌లో కరిగి అంచు లేకుండా పోతుంది.

చిత్రకారిణి పని చేసేటప్పుడు నీలమే కనిపించదు. కాల్చకముందు కోబాల్ట్ ఆక్సైడ్ నల్లగా, బూడిద రంగులో ఉంటుంది. గ్లేజ్‌లో ముంచి తీశాక ఆ బొమ్మ కూడా తెల్లటి పొడిపూత కింద మరుగవుతుంది. రెండో బట్టీ తెరిచాకే నీలం బయటపడుతుంది. బూడిద రంగు తేడాలను చూస్తూ రాబోయే నీలాన్ని లెక్కగట్టడం వల్లనే ఈ పని నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

రెండో బట్టీలో వేడితో పాటు గాలి కూడా ముఖ్యం. సుమారు 1000 డిగ్రీలు దాటాక బట్టీలో ఆక్సిజన్ తగ్గించి, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ ఉండేలా చూస్తారు. ముద్దలో ఏ కొద్దిపాటి ఇనుము ఉన్నా, మామూలు గాలిలో కాలితే అది పసుపుజీర ఇస్తుంది. ఆక్సిజన్ తక్కువైతే అదే ఇనుము చల్లని నీలపుఛాయగా మారుతుంది. గట్టి పింగాణీ తెలుపు పాలతెలుపులా కాక మంచుతెలుపులా ఉండడానికి కారణం ఇదే. ఇదే బట్టీలో వస్తువు కుంచించుకుపోతుంది కూడా. అచ్చు నుంచి చివరి దాకా లెక్కేస్తే తగ్గుదల సుమారు 15 శాతం. అందుకే మూతను విడిగా కాల్చకుండా టీపాట్ మీదే పెట్టి కాలుస్తారు, రెండూ కలిసి ఒకేలా కుంచించుకోవాలని. అంటుకుపోకుండా మూతి అంచునూ మూత అంచునూ గ్లేజ్ లేకుండా తుడిచేస్తారు. మంచి టీపాట్‌లోనూ అక్కడ గరుగ్గా తగిలేది అందుకే. అది లోపం కాదు.

కుంచె మలుపులో పుట్టే రేక

గ్జెల్ గులాబీకి పెన్సిల్ గీత ఉండదు. ఉడుత వెంట్రుకల గుండ్రటి కుంచెను కోబాల్ట్‌లో నిండా ముంచుతారు. తర్వాత గాజుపలక మీద ఒక పక్కనే నొక్కి, ఆ పక్కన రంగు తగ్గేలా చేస్తారు. ఇప్పుడు కుంచెకు ఒక అంచున చిక్కటి రంగు, మరో అంచున నీళ్ల రంగు ఉంటాయి. దాన్ని ఒంటి మీద ఆనించి, నొక్కుతూ, వేళ్ల మధ్య తిప్పుతూ లాగితే ఒక్క కుంచె వేటులో రేక పూర్తవుతుంది. రేక ఒక అంచు ముదురుగా, క్రమంగా పలచబడుతూ రెండో అంచు తెల్లగా కనిపిస్తుంది. దీన్ని నీడల వేటు అంటారు. పక్క రేక ముదురు అంచు, ముందు రేక లేత అంచు పక్కన పడేలా వరస కూర్చుతారు. రేకల మధ్య విడిగా గీత గీయాల్సిన పనే ఉండదు.

మొదటి బట్టీ నుంచి వచ్చిన ఒళ్లు నీటిని క్షణంలో పీల్చేస్తుంది. కుంచె ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. దిద్దడానికి రెండో అవకాశం దాదాపు లేదు. తప్పు పడితే బ్లేడుతో గీకాలి. గీకినచోట ఒళ్లు నున్నబడి, మళ్లీ వేసిన రంగు పక్కనున్న దానిలా పట్టదు. వేలి జిడ్డు అంటినా ఇబ్బందే, అక్కడ గ్లేజ్ నిలవక సూదిమొన గుంటలు పడతాయి. కాబట్టి టీపాట్‌ను తిరుగుపీట మీద ఉంచి, అంచు పట్టీలు దాన్ని తిప్పుతూ వేస్తారు. పిడి మీద, కొమ్ము మీద చుక్కలు, గళ్లు, దువ్వెన గీతలు పడతాయి. చివరికి సన్నకుంచెతో తీగెలు, నులితీగెలు. పువ్వు పెద్ద కుంచెతో నాలుగైదు నిమిషాల్లో తేలినా, ఈ సన్నపనికే ఎక్కువ సమయం పోతుంది.

నీలం అంత పాతది కాదు

గ్జెల్ మాస్కోకు ఆగ్నేయంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని ఊళ్ల గుంపు. అక్కడి మట్టికి పేరు పాతదే. ఔషధాల పాత్రలకు గ్జెల్ మట్టి పంపాలని జార్ అలెక్సెయ్ మిఖైలొవిచ్ 1663లో ఆజ్ఞ ఇచ్చాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1744లో మొదలైన రాజ కర్మాగారంలో ద్మీత్రీ వినొగ్రాదొవ్ రష్యన్ పింగాణీని తయారుచేసినప్పుడు వాడి చూసిన మట్టిలో గ్జెల్‌ది కూడా ఉంది.

కానీ 18వ శతాబ్దపు గ్జెల్ పాత్రలు నేటివాటిలా ఉండవు. అవి తెల్లటి పూత మీద ఆకుపచ్చ, పసుపు, గోధుమ, నీలం రంగుల్లో పక్షులు, చెట్లు, మనుషులతో నిండిన మజోలికా అనే మట్టిపాత్రలు. 19వ శతాబ్దం మొదటి సగంలో వాటి స్థానంలో అర్ధ ఫయాన్స్, అంటే పింగాణీ కన్నా మోటైన తెల్లమట్టి పాత్ర వచ్చింది. దాని మీద గ్లేజ్ కింద నీలి చిత్రణ విస్తరించింది. ఆ శతాబ్దం తొలి ఏళ్లలోనే అక్కడ పింగాణీ కూడా మొదలైంది. దాని మీద రంగురంగుల పూలు, బంగారం వేసేవారు. శతాబ్దం చివరికి పెద్ద కర్మాగారాల పోటీకి తట్టుకోలేక చిన్న బట్టీలు మూతపడ్డాయి.

ఇవాళ ‘సనాతన గ్జెల్’ అనుకుంటున్న తెలుపు నీలం రూపం స్థిరపడింది రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల తర్వాతే. కళాచరిత్రకారుడు అలెక్సాండర్ సల్తికొవ్, చిత్రకారిణి నటాల్యా బెస్సరబొవా 1940ల మధ్య నుంచి పాత అర్ధ ఫయాన్స్ పాత్రల మీది వేట్లను ఒక్కొక్కటిగా విడదీసి, నేర్పడానికి వీలైన ‘వేట్ల అక్షరమాల’గా కూర్చారు. ఆ ఎంపికలో సాంకేతిక సౌలభ్యమూ కలిసొచ్చింది. గట్టి పింగాణీ మీద గ్లేజ్ కింద ప్రకాశంగా నిలిచే రంగు కోబాల్టే. రంగు, గ్లేజ్, ఒళ్లు ఒకే బట్టీలో పూర్తవుతాయి, మూడో బట్టీ ఖర్చు ఉండదు. యుద్ధంలో చితికిన గ్జెల్ చేతిపనివారి సహకార సంఘానికి అది చిన్న విషయం కాదు. గ్జెల్ నీలాన్ని కేవలం జానపద అభిరుచిగా చూసేవారు ఈ లెక్కను మర్చిపోతారు.

ఇంకొక అపోహ మట్టి గురించి. నేటి గ్జెల్ పింగాణీ తెలుపు ఆ ఊరి మట్టిది కాదు. తెల్లగా కాలే కయోలిన్ బయటి గనుల నుంచి రావాలి. సోవియట్ కాలంలో ఉక్రెయిన్‌లోని ప్రొస్యానా కయోలిన్‌కు పింగాణీ పరిశ్రమలో పెద్ద పేరుండేది. ఇప్పుడు ఊరి పేరు చెప్పేది చేతిపనిని గురించే.

గ్లేజ్ పైన వికసించే గులాబీ

ఎర్ర, గులాబీ రంగుల పువ్వు ఉన్న రష్యన్ టీపాట్ చేతికొస్తే అది దాదాపు ఖాయంగా గ్లేజ్ పైన వేసినదే. ఇక్కడ ఒళ్లు, గ్లేజ్ అప్పటికే పూర్తిగా కాలి ఉంటాయి. రంగుపొడిని త్వరగా కరిగే గాజుపొడితో కలిపి, టర్పెంటైన్ నూనెతో నూరి, నున్నటి గ్లేజ్ మీద వేస్తారు. మూడో బట్టీ 720 నుంచి 850 డిగ్రీల మధ్య ఉంటుంది. అంత వేడికి ఆ గాజుపొడి కరిగి గ్లేజ్‌కు అంటుకుంటుంది గానీ లోపలికి దిగదు. తక్కువ వేడి కాబట్టి రంగులకు కొదవ ఉండదు. తప్పు పడితే తుడిచేసి మళ్లీ వేసుకోవచ్చు. దీనికి చెల్లించే మూల్యం ఒకటే: రంగు గాలికి, రాపిడికి, పులుపుకి ఎదురుగా ఉంటుంది.

ఈ తరహాలో జానపదానికి అత్యంత దగ్గరైనది దులెవొ గులాబీ. తెరెంతీ కుజ్నెత్సొవ్ 1832లో స్థాపించిన దులెవొ కర్మాగారంలో ‘అగాష్కా’ అనే చిత్రణ పెరిగింది. వెడల్పు కుంచెతో, ముందు గీత లేకుండా, కొద్ది వేట్లలో తేలే పెద్ద గులాబీ అది. పల్లె ఇళ్లకు, సంతలకు పోయే చవక సరుకు కాబట్టి ఒక్కో టీపాట్ మీద ఎక్కువసేపు కూర్చునే వీలు లేదు. ఆ తొందర నుంచే దాని ధైర్యం పుట్టింది. సూక్ష్మచిత్రణ లాంటి రాజదర్బారు పూలతో పోల్చి దీన్ని మొరటు అనేవారున్నారు. కానీ తక్కువ వేట్లలో పువ్వు నిలబెట్టడమే కష్టమైన పని. వేటు లెక్క తప్పితే దాచుకోవడానికి చోటుండదు.

రెండో ధార వెర్బిల్కి ఊరిది. ఫ్రాన్సిస్ గార్డ్‌నర్ అనే ఆంగ్ల వర్తకుడు 1766లో అక్కడ పెట్టిన కర్మాగారం రాణి కేథరిన్ ఆస్థానానికి విందుపాత్రలు చేసింది. 19వ శతాబ్దంలో అదే కర్మాగారం మధ్య ఆసియా బజార్ల కోసం ఎర్రటి, నీలి ఒంటి మీద తెల్లని గుండ్రటి ఖాళీలు వదిలి, వాటిలో పూలగుత్తులు వేసిన టీపాట్లు చేసింది. బుఖారా నుంచి అఫ్ఘానిస్థాన్, పెషావర్ దాకా అవి ప్రయాణించాయి. అక్కడి టీకొట్లలో పగిలినవాటిని లోహపు కుట్లతో బాగుచేసి మరీ వాడుకున్నారు. ఈ కర్మాగారాన్ని 1892లో కుజ్నెత్సొవ్ కుటుంబమే కొనేసింది. ఒక తరం పాటు రష్యన్ పింగాణీలో చాలా భాగం ఒకే ఇంటి చేతిలో ఉంది. వేర్వేరు ఊళ్ల టీపాట్ల మీద ఒకే రకమైన పువ్వు కనిపించడానికి ఇదీ ఒక కారణం.

రెండు పద్ధతులూ ఒకే వస్తువు మీద కలిసిన ఉదాహరణ సెయింట్ పీటర్స్‌బర్గ్ కర్మాగారపు ‘కోబాల్ట్ వల’. ఆ కర్మాగారానికి 1925లో శాస్త్రవేత్త లొమొనోసొవ్ పేరు పెట్టారు, 2005లో పాత రాజ కర్మాగారం పేరు తిరిగొచ్చింది. సెరఫీమా యాకొవ్లెవా 1936లో రూపొందించిన ‘తులిప్’ ఆకారం మీద, అన్నా యత్స్కెవిచ్ 1940ల మధ్యలో ఈ వలను వేసింది. నీలి గీతలు గ్లేజ్ కిందివి. గీతలు కలిసే చోట మెరిసే బంగారు చుక్కలు గ్లేజ్ పైవి, విడిగా మూడో బట్టీకి వెళ్లినవి. దశాబ్దాలు వాడిన వల టీపాట్‌లో గీతలు కొత్తవాటిలా ఉండి, చుక్కలు అరిగి ఉంటాయి. ఏ పొర ఎంత గట్టిదో ఒక్క వస్తువే చూపించేస్తుంది.

అతికించిన పువ్వును గుర్తించడం

డెకాల్ అంటే ప్రత్యేక కాగితం మీద సిరామిక్ రంగులతో అచ్చువేసిన బొమ్మ. నీళ్లలో నానబెట్టి, కాగితం తీసేసి, పలచటి పొరను వస్తువుకు అంటించి కాలుస్తారు. పొర కాలిపోయి రంగు మిగులుతుంది. ఇందులో మోసమేమీ లేదు. కోట్ల ఇళ్లలో పూలకప్పులన్నీ ఇలాగే వచ్చాయి. దాన్ని చేతి చిత్రణ ధరకు అమ్మడమే తప్పు.

పది రెట్ల భూతద్దం ఉంటే పని సులువు. అచ్చుబొమ్మలో ఛాయలు సమాన దూరంలో ఉన్న చుక్కలుగా విడిపోతాయి. కుంచె వేటులో చుక్కలుండవు. వెంట్రుకల జాడలు, వేటు మొదట్లో చిక్కగా పడి చివర జారిపోయిన రంగు కనిపిస్తాయి. భూతద్దం లేకపోతే టీపాట్ రెండు వైపుల పువ్వులనూ పోల్చాలి. ఒకే చేయి వేసిన రెండు గులాబీలు అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ, ఒకే రేక ఒకే కోణంలో వంగి ఉండదు. రెండూ అక్షరాలా ఒకటే అయితే అది అచ్చే. కొమ్ము మొదలు, పిడి అతుకు దగ్గర చూడడం కూడా మంచిది. వంపు ఉన్నచోట అతికించిన పొర ముడతపడుతుంది, చిరుగుతుంది, లేదా పువ్వును అక్కడికి రానీయకుండా దూరంగా ఆపేస్తారు. కుంచె ఆ వంపును కూడా కలుపుకొని పోతుంది.

అడుగున చిత్రకారుల సంతకం అదే కోబాల్ట్‌తో, గ్లేజ్ కిందే ఉంటే అది బలమైన సూచన. లేకపోయినంత మాత్రాన నకిలీ అనలేం. సోవియట్ కాలపు సరుకులో ముద్ర రంగు చాలా కర్మాగారాల్లో నాణ్యతను చెప్పేది. ఎరుపు మొదటి రకం, నీలం రెండో రకం, ఆకుపచ్చ మూడో రకం.

పొర ఏదో తేల్చడానికి కిటికీ వెలుతురు చాలు. టీపాట్‌ను ఏటవాలుగా పట్టుకుంటే గ్లేజ్ కింది పువ్వు మీదుగా వెలుగు తెగకుండా జారుతుంది. గ్లేజ్ పైదైతే పువ్వు హద్దు దగ్గర మెరుపు మారుతుంది, గోరుకు సన్నగా తగులుతుంది. గ్జెల్ పేరిట అమ్మే చవక వస్తువుల్లో తరచుగా దొరికేది ఇదే: ఫయాన్స్ అనే, పింగాణీ కాని మట్టి ఒంటి మీద గ్లేజ్ పైన పూసిన ఒకే మోతాదు నీలం. ఒళ్లు పింగాణీ అవునో కాదో చూడాలంటే అడుగున గ్లేజ్ లేని వలయం మీద నీటిచుక్క వేయాలి. పింగాణీ దాదాపు ఏమీ పీల్చదు, చుక్క అలాగే నిలుస్తుంది. ఫయాన్స్ అయితే చూస్తుండగానే ఇంకిపోతుంది. నీలం పని కాబట్టి దీన్ని జైపూర్ నీలిపాత్రలతో ఒకటిగా చూడడం కూడా పొరపాటే. అక్కడా కోబాల్ట్, అక్కడా గ్లేజ్ కిందే. కానీ ఒళ్లు క్వార్ట్జ్ పొడి, గాజుపొడి, జిగురులతో చేసి 850 డిగ్రీల లోపే కాల్చేది. మరిగే టీని రోజూ మోయడానికి అది తయారు కాలేదు.

ధర పెరిగే చోట్లు

కోబాల్ట్ ఖర్చు ఒక టీపాట్‌కు లెక్కలోకి రానంత. ధర పెంచేవి చిత్రకారుల గంటలు, పాడైన సరుకు. చిత్రణ పూర్తయ్యాక వచ్చే బట్టీ 1350 డిగ్రీల పైది. పిడి వాలినా, మూత బిగుసుకున్నా, నీలం కారినా అప్పటికే పెట్టిన చేతిపని మొత్తం పోతుంది. గ్లేజ్ పైన వేసే పద్ధతిలో చిత్రకారులకు ముందే ఏరిన మంచి సరుకు అందుతుంది. ఒళ్లు పాడయ్యే ప్రమాదం అప్పటికే దాటిపోయింది. బంగారం ఉంటే మాత్రం లోహం ధర, మూడో బట్టీ రెండూ చేరతాయి. డెకాల్‌లో పెట్టుబడి అచ్చు తయారీకే, వేల టీపాట్ల మీద అది పంచుకుపోతుంది. టీపాట్ కొనేటప్పుడు అడగాల్సిన వరస కూడా ఇదే: ఏ పొర, ఎవరి చేయి, ఎన్ని బట్టీలు.

మన పొయ్యికీ, వాళ్ల టీపాట్‌కూ పొత్తు కుదరదు

రష్యన్ ఇంట్లో చిన్న పింగాణీ టీపాట్ పని చిక్కటి డికాక్షన్ తీయడం. నాలుగు వందల మిల్లీలీటర్ల టీపాట్‌లో నాలుగైదు టీస్పూన్ల ఆకు వేసి, మరిగిన నీళ్లు పోసి, అయిదు నిమిషాలు మూతపెట్టి ఉంచుతారు. కప్పులో పావు వంతు అది పోసి, మిగతాది సమొవార్ అనే నీళ్లు కాచే పాత్ర నుంచి వేడినీళ్లు నింపుతారు. సోవియట్ రోజుల్లో ఈ టీపాట్లలోకి వెళ్లినదాంట్లో ఏనుగు బొమ్మ పొట్లంలోని భారతీయ టీ ముఖ్యమైనది. పాలు, పంచదార, ఆకు కలిపి గిన్నెలో మరిగించే మన పద్ధతికి ఈ పాత్ర సరిపడదు. పొయ్యి మీద పెడితే అడుగు ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, పైభాగం చల్లగానే ఉంటుంది. చీలిక అడుగు నుంచో, కొమ్ము అతుకు నుంచో మొదలవుతుంది. పాలటీ వడ్డించడానికి వాడాలంటే గిన్నెలో కాచి, వడగట్టి పోయాలి. పాలు పోసినవెంటనే కడగకపోతే కొమ్ము రంధ్రాల దగ్గర మీగడ గట్టిపడి ధార తగ్గిపోతుంది.

పోసే ముందు గోరువెచ్చని నీళ్లు, తర్వాత వేడినీళ్లు తిప్పి పారబోయడం మంచి అలవాటు. టీ మరకలకు తినేసోడా తడిముద్ద చాలు. ఇసుకపొడి, ఇనుపపీచు వాడితే గ్లేజ్ పైన ఉన్న పువ్వు కొద్దికొద్దిగా అరిగిపోతుంది. డిష్‌వాషర్ క్షారంతోనూ అదే జరుగుతుంది. బంగారు గీత ఉన్నదాన్ని మైక్రోవేవ్‌లో పెడితే రవ్వలు లేచి బంగారం నల్లబడుతుంది. కోబాల్ట్ ఒక్కటే ఉన్న గ్జెల్ టీపాట్‌కు ఈ రెండు భయాలూ తక్కువ.

పాత్రల రంగుల్లో విషమైన సీసం ఉంటుందేమోనన్న ఆందోళనకూ సమాధానం పొరలోనే ఉంది. 1350 డిగ్రీల పైన కాలే ఫెల్డ్‌స్పార్ గ్లేజ్‌లో సీసం వాడరు, ఆ వేడిలో అది నిలవదు కూడా. పాతకాలపు గ్లేజ్ పైరంగుల్లో మాత్రం త్వరగా కరిగే గాజుపొడి సాధారణంగా సీసంతోనే చేసేవారు. పరీక్షాశాలల్లో 4 శాతం అసిటిక్ ఆమ్లాన్ని పాత్రలో 24 గంటలు ఉంచి, ఎంత సీసం దిగిందో కొలుస్తారు. టీపాట్ లోపల పువ్వులు ఉండవు కాబట్టి టీకి రంగు తగిలే చోట్లు రెండే: కొమ్ము కొన, మూతి అంచు. పాత కుజ్నెత్సొవ్, సోవియట్ కాలపు ఎర్రగులాబీ టీపాట్‌ను వాడాలనుకుంటే ఆ రెండు చోట్లా రంగు ఉందేమో, అరిగి పొడిలా రాలుతోందేమో చూడాలి. రష్యన్లు ఇష్టపడే నిమ్మచెక్కను కప్పులో వేసుకోవాలి, టీపాట్‌లో కాదు. పుల్లని టీని అందులో రాత్రంతా ఉంచకూడదు.